రెండు వేళ్ల సందు

ఆయన్ని అందరూ టేపాయన అనేవారు. జేబులో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. కిటికీలకు అల్యూమినియం బ్లైండ్లు బిగించడం ఆయన పని. సన్నటి రేకులు వరసగా తాళ్ల మీద నిలబడి, కడ్డీ తిప్పితే తెరుచుకుని, మళ్లీ తిప్పితే మూసుకుంటాయే, అవి. ఆఫీసులు, ఆసుపత్రులు, కొత్తగా కట్టిన ఇళ్లు, ఎక్కడ చూసినా ఆయన బిగించినవే. బిగించి ఊరుకునేవాడా? ఇంటి ఆడవాళ్లని పిలిచి పాఠం కూడా చెప్పేవాడు.

"గుడ్డ పెట్టి బరబరా తోమకండమ్మా, రేకు వంగిపోతుంది. పాత మేజోడు చేతికి తొడుక్కుని, రెండు వేళ్ల మధ్య రేకుని పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా లాగండి. పదేళ్లయినా కొత్తదానిలా ఉంటుంది."

ఇంతమంది ఇళ్లకు నీడ అమర్చిన మనిషి, సొంత ఇంట్లో ఒక్క కిటికీకి కూడా ఏమీ బిగించలేదు.

భార్యకి తలనొప్పి. మామూలు నొప్పి కాదు. వారానికి రెండుసార్లు సగం తల పగిలిపోయేది. ఆవిడ పడుకునే గది పడమటి గది. సాయంత్రం నాలుగైతే చాలు, ఎండ నేరుగా మంచం మీదకి వచ్చేది. కిటికీకి దుప్పటి కట్టుకుని, నుదుటికి బామ్ రాసుకుని, కట్టెలా పడి ఉండేది. పెళ్లయిన కొత్తలో బ్లైండ్ అడిగింది. కూతురు పుట్టాక అడిగింది. కూతురు కాలేజీకి వెళ్లాక కూడా అడిగింది. "వచ్చే వారం" అనేవాడు. ఆ వారం ఇరవై ఒక్కేళ్లు రాలేదు.

చివరికి వచ్చింది, ప్రేమతో మాత్రం కాదు. ఎవరో పళ్ల డాక్టరు బ్లైండ్ చేయించుకుని, రంగు నచ్చలేదని తిప్పి పంపాడు. షాపులో అడ్డంగా ఉందని దాన్ని ఇంటికి తెచ్చి పడమటి గదికి బిగించేశాడు. ఆయన పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ గోడా తిన్నగా ఉండదు కాబట్టి కిటికీని పైన, మధ్యలో, కింద, మూడు చోట్లా కొలవాలి. ఊరందరి కిటికీలనూ అలా కొలిచినవాడు తన ఇంటి కిటికీని ఒక్కచోట కూడా కొలవలేదు. బిగించాక చూస్తే ఎడమ పక్క రెండు వేళ్ల సందు మిగిలింది.

నాలుగింటికి ఆ సందులోంచి వెలుగు లోపలికి వచ్చి, మంచం మీదుగా పాకి, సరిగ్గా దిండు మీద ఆగేది. మంచం జరుపుదామంటే అటు బీరువా, ఇటు గోడ.

"ఏవండీ, ఆ సందు మూయండి. కంట్లో పడుతోంది" అంది ఆవిడ.

ఆయన అప్పుడే పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. విసుగ్గా ఉంది. "రెండు వేళ్ల వెలుగుకే చచ్చిపోవు. అటు తిరిగి పడుకో" అన్నాడు.

కాలేజీ సెలవులకి ఇంటికి వచ్చి, గుమ్మంలో మంచినీళ్ల గ్లాసుతో నిలబడ్డ కూతురు ఆ మాట వింది.

ఎనిమిదో రోజు ఆయన ఇంటికి వచ్చేసరికి ఆవిడ పోయింది. తలలో నరం చిట్లిందన్నారు. తెరిచి ఉన్న కంటి మీద ఆ వెలుగు చార నిలువునా పడి ఉంది. ఆవిడ అటు తిరిగి పడుకోలేదు.

వెలుగుకీ నరానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. టేపాయన ఆ ఒక్క మాటనే పట్టుకుని ఏడాది బతికాడు. కూతురు మాత్రం ఆ మాటని లెక్కచేయలేదు. తండ్రితో అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడటం మానేసింది.

చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన కూతురు నేరుగా తల్లి గదిలో పెట్టె దించింది. మూడు వారాలు తిరక్కుండానే తలనొప్పి మొదలైంది. అదే సగం తల. అదే సాయంత్రం నాలుగింటికి. పరీక్షలన్నీ చేయించారు. ఏమీ లేదన్నారు. తల్లికీ మొదట్లో ఏమీ లేదనే అన్నారు.

"గది మారమ్మా" అని బతిమాలాడు.

"అమ్మ పడుకున్న చోటే పడుకుంటాను. నీకేం ఇబ్బంది?"

పెళ్లాన్ని పోగొట్టుకున్నవాడికి మిగిలింది ఆ ఒక్క పిల్ల. అది కూడా ఆ దిండు మీదే పోతుందేమోనన్న భయం ఆయన్ని తినేస్తోంది.

అప్పుడు కొలిచాడు, తన ఇంటి కిటికీని. పైన, మధ్యలో, కింద. రాత్రంతా కూర్చుని రేకులు తానే కోశాడు, తానే తాళ్లెక్కించాడు. పొద్దున పాతది విప్పడానికి కుర్చీ ఎక్కాడు. ఏడాదిగా ఎవరూ తుడవలేదు, రేకుల మీద దుమ్ము దట్టంగా పేరుకుంది. కానీ ఎడమ చివర, ప్రతి రేకు మీదా, రెండు వేళ్ల మేర తళతళ మెరుస్తోంది. ఎవరో రోజూ తుడుస్తున్నట్టు.

గాలికి అయి ఉంటుందనుకున్నాడు. ఏ గాలి అలా తుడుస్తుందో ఆయనకే తెలియాలి.

కొత్తది అతికినట్టు కుదిరింది. పక్కన అగ్గిపుల్ల దూరే సందు కూడా లేదు. కడ్డీ తిప్పగానే గది చీకటైపోయింది. కూతురు మూడింటికే తల పట్టుకుని వచ్చి మంచం మీద పడింది. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. భార్య బతికుండగా ఆ గదిలో ఆయన ఎప్పుడూ అలా కూర్చోలేదు.

మెల్లగా కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. బీరువా అంచు, మంచం కోడు, దుప్పటి మడతలు ఒక్కొక్కటే తేలాయి. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఆగింది. వీధిలో ఎవరిదో బండి వెళ్లిపోయింది. ఎండకి కాగిన అల్యూమినియం వాసన. దాని వెనకే ఇంకో వాసన, ఘాటుగా, కళ్లు మండేలా.

"బామ్ రాసుకున్నావా అమ్మా?"

"లేదు. అమ్మ పోయాక ఈ ఇంట్లో బామ్ ఎక్కడుంది?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

టిక్.

రేకు కదిలిన చప్పుడు. ఎండకి లోహం సాగితే అలా చప్పుడవుతుంది, ఆయనకి తెలియనిది కాదు. టిక్... టిక్... పై రేకు నుంచి కింది రేకుకి ఒక్కొక్కటే, తొందర లేకుండా. ఎవరో మేజోడు తొడుక్కుని ఓపిగ్గా తుడుస్తున్నట్టు.

ఎడమ పక్క వెలుగు పుట్టింది.

ముందు దారమంత. తర్వాత పెన్సిలంత. తర్వాత... రెండు వేళ్లంత.

లేచి టేపు తీశాడు. కిటికీ కొలిచాడు. ఎంత ఉండాలో అంతే ఉంది. బ్లైండ్ కొలిచాడు. అదీ ఎంత కోశాడో అంతే ఉంది. మళ్లీ కొలిచాడు. పైన. మధ్యలో. కింద. అంతా సరిగ్గానే ఉంది. సందు మాత్రం ఉంది.

వెలుగు మంచం ఎక్కింది. దుప్పటి మీదుగా పాకుతోంది. కూతురి చెయ్యి దాటింది. భుజం దాటింది...

పరుగున వెళ్లి సందుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చర్మం చురుక్కుమంది. ఆ చెయ్యి అక్కడ లేనట్టే వెలుగు ముందుకు పోయింది.

"అమ్మా, లే! లేమ్మా!"

కూతురు కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. గొంతు కూతురిదే. పిలుపు మాత్రం కూతురిది కాదు.

"ఏవండీ..."

టేపాయన చెయ్యి దించి మంచం వైపు తిరిగాడు.

"ఏవండీ... ఆ సందు మూయండి."

వెలుగు దిండు మీదకి వచ్చింది. మూసిన కంటి అంచు దగ్గర ఆగింది. ఆయన మంచం పక్కన కూలబడిపోయాడు. ఏడాదిగా ఎవరికీ చెప్పనిది ఒక్కసారి బయటికి వచ్చింది.

"తప్పు నాదే. నీ కిటికీ నేను కొలవలేదు. అడిగినప్పుడు లేచి ఒక్క గుడ్డముక్క కూడా అడ్డం పెట్టలేదు. ఆ మాట అన్నది నేను, ఈ పిల్ల కాదు. పడితే నా మీద పడనీ. దీన్ని వదిలెయ్... నీ కాళ్లు పట్టుకుంటా."

టిక్.

అంతే. గది చీకటైపోయింది. బామ్ వాసన పోయింది. కూతురు నిట్టూర్చి, పక్కకి తిరిగి, హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ఆమెకి నొప్పి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మొహం తేటపడింది. వంటింట్లో ఏదో పాట కూనిరాగం తీస్తుంటే విని టేపాయన గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నాలుగో రోజు ఆమే పలకరించింది. "బ్లైండ్ బాగా కుదిరింది నాన్నా" అంది. ఏడాది తర్వాత నాన్నా అన్న పిలుపు అదే మొదలు. దానికోసం ఆయన ఏమైనా ఇచ్చేసేవాడు. ఇచ్చేశాడు కూడా.

టేపాయన పడుకునేది ఇంటి నడిమి గదిలో. నాలుగు పక్కలా గోడలే. తలుపు తప్ప దానికి కిటికీ లేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి కాసేపు నడుం వాలుద్దామని తలుపు మూసి పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాక కుడి రెప్ప మీద వెచ్చగా తగిలింది. తెరిచాడు. దిండు మీద నిలువుగా వెలుగు చార. ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు. గోడ అలాగే ఉంది, సున్నం కూడా పెచ్చు ఊడలేదు. ఆ వెలుగులో బ్లైండ్ తాడు నీడ ఒకటి అటూ ఇటూ ఊగుతోంది.

దిండు జరిపాడు. చారా జరిగింది. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి వెళ్లింది. టేపు పెట్టి కొలిచాడు. రెండు వేళ్లు.

రోజూ వచ్చింది. రోజూ కొలిచాడు. సగం తల పగిలిపోతున్నా కూతురికి చెప్పలేదు. చెబితే ఆ పిలుపు మళ్లీ పోతుందేమోనని భయం.

వారం తిరిగాక ఒక సాయంత్రం ఆమె టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. గదిలో దీపం లేదు. ఆమెకి ఏ వెలుగూ కనిపించినట్టు లేదు.

"ఏంటి నాన్నా, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నావ్?"

"ఏం లేదమ్మా. కొంచెం తలనొప్పి."

ఆమె దగ్గరికి వచ్చి, దుప్పటి సర్ది, ఎంతో ప్రేమగా అంది.

"అటు తిరిగి పడుకో."

తిరిగాడు. గోడ వైపు. వెలుగు అటే ఉంది, ఆయన కోసం ముందే వచ్చినట్టు. కూతురి అడుగులు వంటింట్లోకి వెళ్లిపోయేదాకా ఆగి, టేపు తీశాడు. పైన కొలిచాడు. మధ్యలో కొలిచాడు. కింద కొలిచాడు.

మూడు చోట్లా మూడు వేళ్లు.