నీలిదారం వైపు

"సాయంత్రం అమ్మ రిటైర్మెంటు సభలో నువ్వు కూడా రెండు ముక్కలు మాట్లాడాలట..." అని భర్త స్నానాలగది గుమ్మంలో నిలబడి నసిగినప్పుడు ఆమె కూతురి ఎదురుగా చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఏడేళ్ల పిల్ల, ఇంట్లో అందరికీ పిచ్చుక, కమోడ్ మీద కాళ్లూపుకుంటూ బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. పేగులోకి రోజూ పొద్దున్నే గోరువెచ్చని ఉప్పునీళ్లు ఎక్కించి, అంతా ఖాళీ అయ్యేదాకా ముప్పావుగంట అలా కూర్చోబెట్టాలి. అప్పుడే బడిలో గౌను పాడవకుండా ఉంటుంది. ఇన్నేళ్లలో ఆ పని ఆ ఇంట్లో తల్లి తప్ప ఇంకొకరు చేసిన పాపాన పోలేదు!

మాట్లాడతానని ఆమె వెంటనే ఒప్పేసుకుంది. గొడవ తప్పదనుకుని వచ్చిన భర్త బతుకుజీవుడా అనుకుంటూ జారుకున్నాడు. పిచ్చిమానవుడు! ఆ పిలుపు కోసమే ఆమె ఏడేళ్లుగా కాచుకుని కూర్చుందని అతనికేం తెలుసు?

అత్తగారు ప్రసూతి వార్డులో ముప్పైనాలుగేళ్లు పనిచేసిన మనిషి. చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్లకూ ఆవిడ నర్సమ్మే. "గుడ్డ చూస్తే చాలు, బిడ్డ సంగతి చెప్పేస్తాను" అన్నది ఆవిడ ఊతపదం. పుట్టిన బిడ్డ మొదటి మలం నల్లగా, జిగురుగా గుడ్డమీద కనబడిందా, ఇక ఇంటికి పంపేయొచ్చని లెక్క. తన చేతికింద నేర్చుకున్న అమ్మాయిలందరికీ ఆవిడ ఆ మాటే నేర్పింది.

ఆ వార్డులోనే పిచ్చుక పుట్టిన మర్నాడు కూడా ఆవిడ గుడ్డే చూసింది. మరక ఉంది. వార్డు రిజిస్టర్లో 'మలద్వారం సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టింది. పిల్లను తిప్పి చూడలేదు! మూడోరోజుకు పసిదాని పొట్ట తప్పెటలా ఉబ్బి, ఆకుపచ్చటి వాంతులు మొదలయ్యాయి. పెద్దాసుపత్రిలో పిల్లల సర్జను బిడ్డను తిప్పి, రెండు కాళ్లూ పైకెత్తి, నిమిషంలో చెప్పేశాడు... ఉండాల్సిన చోట ద్వారమే లేదని, పేగు దారితప్పి ముందువైపు సూదిమొనంత రంధ్రంలోకి తెరుచుకుందని, కాస్త మలం అక్కణ్ణుంచే కారిందని. ఒక మూత్రపిండం కూడా లేదని స్కానింగులో తేలింది. పుట్టినప్పుడు చూసిందెవరని అడిగితే, తేలు కుట్టిన దొంగలా నర్సమ్మ నోరు మెదపలేదు.

అక్కడ మెదపని నోరు ఇంట్లో లేచింది. "నేను రెండోరోజే తిప్పి చూసి చెప్పాను, పెద్దాసుపత్రికి పదమని. తనే సిగ్గుపడి దాచింది" అని చుట్టాలందరికీ చెప్పింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా! అందరూ నమ్మారు. కట్టుకున్నవాడూ నమ్మాడు. "ఎందుకు దాచావు?" అని బాలింతను ఆపరేషను గది బయట నిలబెట్టి అడిగాడు. ఆ క్షణం ఆమె ఎలా బతికి ఉందో ఆమెకే తెలియదు... లోపల బిడ్డ పొట్ట కోస్తున్నారు, బయట ఈయన ఈమె గుండె కోస్తున్నాడు.

మూడు ఆపరేషన్లు. మొదటిదానిలో పేగును పొట్టమీదికి తెచ్చి కుట్టి సంచి తగిలించారు. నాలుగోనెల నిండాక అసలు చోట కొత్త దారి చేశారు. అది మూసుకుపోకుండా రోజుకు రెండుసార్లు ఉక్కు కడ్డీ పెట్టి సాగదీయాలి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి పళ్లబిగువున చేసేది. ఆ ఏడుపు వినలేక భర్త వీధిలోకి పోయేవాడు, నర్సమ్మ డ్యూటీకి పోయేది. చివరికి పొట్టమీద దారి మూసేశారు. ఇంత చేసినా ఏ పెళ్లికెళ్లినా వెనకనుంచి ఒకటే గుసగుస... 'మూడురోజులు దాచిపెట్టిన తల్లి ఈవిడేనట' అని.

కానీ ఆమె కుట్టుపని మనిషి. పుట్టబోయే బిడ్డకు తనే పాత మెత్తటి బట్టతో గుడ్డలు కుట్టుకుంది. ముందూ వెనకా తారుమారు కాకుండా ముందువైపు అంచుకు నీలిదారంతో చిన్న గుర్తు వేసింది. ఆ రెండోరోజు గుడ్డను ఉతకలేదు. మరక మొత్తం నీలిదారం వైపే ఉంది. వెనకవైపు మల్లెపువ్వులా తెల్లగా ఉంది! దాన్ని మడతపెట్టి కుట్టుమిషను సొరుగులో దాచింది. ఆనాటినుంచి అత్తగారిని 'అత్తయ్యా' అని పిలవడం మానేసింది. వీధిలో వాళ్లలాగే 'నర్సమ్మగారూ' అనేది. ఎంత మర్యాదో అని జనం మెచ్చుకున్నారు. ఆ పిలుపులో ఎంత విషం ఉందో పిలిచినామెకూ, పలికినావిడకూ మాత్రమే తెలుసు.

సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు వరసలో చుట్టాలు, వెనక తెల్లబట్టల్లో కుర్ర నర్సులు. పొగడ్తలన్నీ అయ్యాక కోడలు వేదికెక్కి, రంగుకాగితం చుట్టిన పొట్లం అత్తగారి చేతుల్లో పెట్టింది.

"నా చేత్తో కుట్టింది నర్సమ్మగారూ. ఏడేళ్లు భద్రంగా దాచాను. గుడ్డ చూస్తే చాలు, బిడ్డ సంగతి చెప్తారు కదా. ఇక్కడే విప్పి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

ఏదో వేళాకోళం అనుకుని అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వుతూనే కాగితం విప్పింది. జానెడు గుడ్డ. పాతబడి గోధుమరంగుకు తిరిగిన మరక, దాని పక్కన నీలిదారం. ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కోడలు కదలకుండా నిలబడింది. జాలి కలిగిందా అంటే లేదు! ఆపరేషను గది బయట తను నిలబడ్డట్టే ఈవిడా నిలబడాలి, అంతే.

నర్సమ్మ మైకు దగ్గరికి జరిగింది.

"అమ్మాయిలూ, నేను మీకు నేర్పిన మాట ఒకటి తప్పు. గుడ్డ చూసి సంతకం పెట్టకండి. మరక ఎక్కణ్ణుంచైనా రావచ్చు. బిడ్డను తిప్పి చూడండి. నా మనవరాలిని నేను తిప్పి చూడలేదు. చూశాననీ, నా కోడలే దాచిందనీ చెప్పాను... అది అబద్ధం. నా కోడలు ఏమీ దాచలేదు."

ముందు వరసలో తలలు ఒక్కొక్కటే వంగాయి. కోడలికి ప్రాణం హాయిగా ఉంది, అబద్ధమెందుకు! ఇంటికొచ్చాక భర్త కళ్లనీళ్లతో ఏదో అనబోతే, "మీ వంతు ఇంకా రాలేదు" అని తేల్చేసి పిచ్చుకకు జడ విప్పుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న పిల్లను కమోడ్ దగ్గరికి తీసుకెళ్లి పీట మీద కూర్చునేసరికి గుమ్మంలో అత్తగారు. చేతులు మోచేతులదాకా కడుక్కుని ఉంది. ఒక్కరాత్రిలో పదేళ్లు మీదపడ్డట్టుంది.

"నాకు నేర్పుతావా? ఇకనుంచి పొద్దున్న ఈ పని నేను చేస్తాను." పీట వైపు చూసింది. "నర్సమ్మ అని మాత్రం పిలవకు తల్లీ. ఆ పేరు నిన్న అక్కడే దించేసి వచ్చాను."

మూడు ఆపరేషన్లు, రెండు పూటలా ఉక్కు కడ్డీ, పెళ్లిళ్లలో గుసగుసలు... అన్నీ కోడలి కళ్లముందు తిరిగాయి. ఇవన్నీ ఒక్క మాటతో చెరిగిపోతాయా? పోవు. పిచ్చుక మాత్రం తల్లినీ నాయనమ్మనూ మార్చి మార్చి చూసి, "తొందరగా కానీండి, బడికి టైమవుతోంది" అని గదమాయించింది.

ఆమె లేచి పీట ఖాళీ చేసింది. ఉప్పునీళ్ల సంచీ, గొట్టం అత్తగారి చేతికిచ్చింది. ముసలావిడ గొట్టం సర్దుకుని ముందుకు వంగబోయింది.

"ఆగండి" అంది కోడలు. "ముందు పిల్లను తిప్పి చూడండి, అత్తయ్యా."