రాహుకాలంలో వై నొక్కరాదు

“ఎవరు చేసినారు ఈ పని?”

మునిశేఖర్ తల తిప్పకుండానే అడిగాడు. ఎదురుగా ఉన్న కంప్యూటర్‌కు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మానిటర్ మీద నిమ్మకాయ కూర్చుని ఉంది. తెర మీద మాత్రం పైనుంచి కిందదాకా ఎర్రర్లు.

“నేనే. ఏం?” అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూశాడు. పచ్చ చుడీదార్, జడలో కనకాంబరాలు, చేతిలో సగం కొరికిన జామకాయ. తప్పు చేసినవాళ్ల ముఖం ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఈ ముఖం అలా లేదు.

“ఏం చేసినారు?”

“అప్‌గ్రేడ్ కొట్టినాను. ఏందో అడిగింది, ఎస్ అనడానికి వై నొక్కినాను. ఇంకోటి అడిగింది. దానికీ వై నొక్కినాను.”

“ఏం అడిగిందో చదివినారా?”

“అడిగినోళ్లకు లేదనడం మా ఇంట్లో అలవాటు లేదు.”

ఆ పిల్ల పేరు ప్రసన్నకుమారి. ఎంసీఏ చదువుతోంది. తిరుపతిలో గాంధీరోడ్డు పక్క సందులో వాళ్ల నాయన సుబ్రమణ్యం కంప్యూటర్ జాతకాల కేంద్రం నడుపుతున్నాడు. ఇది రెండువేల అయిదు నాటి మాట. ఊరంతా విండోస్ వాడుతుంటే ఆయన దగ్గర మాత్రం లైనక్స్ ఉండేది. జాతకాల ప్రోగ్రాం చేసిన మద్రాసువాళ్లు అదే బిగించి పోయారు. దాని భాష తెలిసినవాళ్లు ఊళ్లో అరుదు గనక, ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసే సత్యవేడు కుర్రాడు మునిశేఖర్‌కు కబురు వచ్చింది.

మునిశేఖర్ కీబోర్డు మీద చెయ్యి పెట్టబోయాడు. తలుపు దగ్గరనుంచి సుబ్రమణ్యం పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగప్పా. టైమెంత? ఒకటిన్నర. రాహుకాలం. మూడు దాకా దాన్ని ముట్టుకోవద్దు.”

“సార్, ఒక కమాండ్ అంతే.”

“కమాండ్ కొట్టినాక అది వై నొక్కమంటాది. రాహుకాలంలో వై నొక్కరాదు. సూడు, మా అమ్మాయి పోయిన గురువారం నొక్కింది రాహుకాలంలోనే.”

ఆ మాట చెప్పి ఆయన భోంచేసి పడుకోవడానికి వెనక ఇంట్లోకి వెళ్లిపోయాడు. మునిశేఖర్, ప్రసన్న, నిమ్మకాయ మిగిలారు.

ప్రసన్న జామకాయ ఇంకోసారి కొరికింది. నములుతూనే అడిగింది. “నేను చేసింది ఒక్క అప్‌గ్రేడే కదా. అన్నీ ఎందుకు పోయినాయి?”

“ప్యాకేజీ అంటే ఒక చిన్న ప్రోగ్రాం. దాన్ని పిలిస్తే ఒంటిగా రాదు. పెండ్లికి మేనత్తను పిలిచినట్లు. మేనత్త రావాలంటే కూతురు రావాల. కూతురు రావాలంటే అల్లుడు రావాల. ఆ అల్లుడికీ మీ ఇంట్లో ముందే ఉన్న బాబాయికీ పడదు. ఒకరొస్తే ఒకరు పోతారు. మీరు చదవకుండా వై నొక్కినారు. బాబాయి పోయినాడు. ఆయన ప్రింటర్ బాబాయి.”

ప్రసన్న నవ్వింది. జామకాయ ముక్క గొంతుకు అడ్డం పడి దగ్గింది. మునిశేఖర్ మంచినీళ్ల చెంబు అందించాడు. ఎర్రర్లు ఉన్న తెర ముందు అంత హాయిగా కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.

మూడు దాటాక ఆప్ట్-గెట్ అనే కమాండ్‌తో పోయినవాళ్లందరినీ వెనక్కి పిలిచాడు. పోతూ పోతూ, జాతకాల లెక్కలు కట్టే పంచాంగం ప్యాకేజీకి కదలకుండా హోల్డ్ వేశాడు. “ఇది పాత వెర్షన్. బాగా పనిచేస్తా ఉండాది. పనిచేసేదాన్ని కదిలించకూడదు. ఇంక మీరెన్ని వైలు నొక్కినా ఇది కదలదు.”

“మీకు పెండ్లి చేసినా పాత వెర్షన్ పెండ్లామే కావాలంటారేమో.”

మునిశేఖర్ తెరకేసి తిరిగి హోల్డ్ ఇంకోసారి సరిచూశాడు. ఈలోగా సుబ్రమణ్యం వచ్చి తన పరీక్ష మొదలుపెట్టాడు. మిషన్ రిపేరయిన ప్రతిసారీ ఆయన తన పుట్టిన గంట, భార్య ఆదిలక్ష్మమ్మ పుట్టిన గంట కొట్టి పొంతనాలు చూస్తాడు. పదింటికి ఎనిమిది రావాలి. ఎనిమిది వస్తే మిషన్ బాగున్నట్టు. ఆ రోజు ఎనిమిదే వచ్చాయి.

“శభాష్ అబ్బా,” అన్నాడు. “నా కాపురం సరిగ్గా ఉండాది.”

ఆ తరువాతి గురువారం ప్రింటర్ మళ్లీ పోయింది. ఆ పై గురువారం అక్షరాలు పోయాయి. ఇంకో గురువారం మౌస్ పోయింది. విచిత్రమేమిటంటే అన్నీ సరిగ్గా ఒంటిగంటకే పోయేవి. మునిశేఖర్ సైకిల్ తొక్కుకుంటూ వచ్చేసరికి ఒకటిన్నర అయ్యేది. ఇక మూడు దాకా ముట్టుకునే పని లేదు. సుబ్రమణ్యం మాత్రం గురువారం తన జాతకానికి పడదేమోనని దక్షిణామూర్తికి శనగల దండలు వేయిస్తున్నాడు.

ఒక గురువారం బయట వాన పడుతోంది. చూరు నీళ్లు పడకుండా ప్రసన్న కంప్యూటర్ మీద గొడుగు పట్టుకుని నిలబడింది. తాను తడుస్తోంది.

“ప్రతి గురువారం ప్యాకేజీ తీసేసేది నేనే,” అంది ఉన్నట్టుండి.

“తెలుసు.”

“ఎట్ల?”

“ఏ ప్యాకేజీకీ కాళ్లుండవు. తనకు తాను లేచి పోదు.”

“మరి అడగలేదే?”

“అడిగితే మానేస్తావని.”

‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించలేదు. గొడుగు మాత్రం కంప్యూటర్ మీదనుంచి కాస్త పక్కకు జరిగి ఇద్దరికీ పట్టింది. నిమ్మకాయ తడిసింది.

“నాయన నాకు సంబంధాలు చూస్తా ఉండాడు,” అంది ప్రసన్న. “నీ పుట్టిన తేదీ, గంట చెప్పు.”

మునిశేఖర్ జన్మలో అంతకంటే తియ్యని మాట వినలేదు. చెప్పాడు. అడగకపోయినా నిమిషాలు కూడా చెప్పాడు.

మూడు కొట్టగానే ప్రసన్న దాపరికం లేకుండా నాయన ముందు నిలబడింది. “నాయనా, ఈయనదీ నాదీ పొంతన సూడు.”

సుబ్రమణ్యం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం రాలేదు. కుర్రాడు నెమ్మదస్తుడు, మనవాళ్లే, సత్యవేడులో ఇంత భూమి కూడా ఉంది. మీసం దువ్వుకుంటూ తేదీ కొట్టాడు. ప్రింటర్ గరగరమని ఒక కాగితం కక్కింది. ఆయన ముఖం వాడిపోయింది.

“మూలా నక్షత్రం.”

“అయితే ఏంది నాయనా?”

“మూల అల్లుడు మామకు గండం. మునిశేఖరా, నువ్వు మంచోడివే అప్పా. నేనూ మంచోడినే. అందుకే ఇంకొన్నేండ్లు ఉండాలని ఉండాది.”

మునిశేఖర్ సైకిల్ తీసుకుని కూడా తొక్కలేదు. నడిపించుకుంటూ గది చేరాడు. ఆ పిల్ల లేకుండా గురువారాలు ఎలా గడుస్తాయో అతనికి తోచలేదు.

మర్నాడు ప్రసన్న ఇంటర్నెట్ సెంటర్‌కే వచ్చింది. “మద్రాసోళ్లు ఇచ్చిన సీడీలో ఇంకో పంచాంగం ఉండాది. కొత్త వెర్షన్. పాతది పాత సూత్రాలతో కట్టే వాక్య పంచాంగం, ఇది కంటికి కనపడే లెక్కతో కట్టే దృక్కు. లెక్కలో కొన్ని గడియలు తేడా వస్తాది. నువ్వు పుట్టింది రెండు నక్షత్రాల సందులో. దీంట్లో నువ్వు మూల కాదు, జ్యేష్ఠ. జ్యేష్ఠ అయితే బావమరదుల్లో పెద్దోడికే గండం. నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు.”

మునిశేఖర్ లెక్క చూశాడు. నిజమే. కానీ ఆ పాత వెర్షన్‌కు హోల్డ్ వేసింది తనే. కదిలించకూడదని పాఠం చెప్పిందీ తనే.

“మీ నాయనకు తెలియకుండా పెట్టను,” అన్నాడు.

“తెలిసే పెట్టు. నేను ఒప్పిస్తాను. అయినా నీకు కొత్త వెర్షన్లు పడవు గదా?”

“ఇన్నేండ్లకు మొదటిసారి ఒకటి కావాలనిపిస్తా ఉండాది. నువ్వంటే నాకు ప్రాణం ప్రసన్నా.”

“ఆ మాట వాన పడినప్పుడే చెప్పి ఉండొచ్చు గదా. గొడుగు మోసి చెయ్యి నొప్పి పుట్టింది,” అంది ఆమె. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

సుబ్రమణ్యాన్ని ఒప్పించడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఆయన సొంతూరు రాకెట్లు ఎగిరే చోటికి దగ్గరి సూళ్లూరుపేట. రాకెట్ ఎగిరే రోజున అంగడి మూసి, మిద్దె ఎక్కి తూర్పుకేసి దండం పెట్టే మనిషి.

“రాకెట్ యా లెక్కతో పోతాది నాయనా? పాత లెక్కతోనా, కంటికి కనపడే లెక్కతోనా?” అని అడిగింది కూతురు.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. “సందమామ యాడ ఉంటే ఆడికే పోవాల గదా రాకెట్. సరే, పెట్టు.”

మునిశేఖర్ హోల్డ్ తీసి కొత్త పంచాంగం పెట్టాడు. అతని నక్షత్రం జ్యేష్ఠ అయింది. పదింటికి తొమ్మిది పొంతనాలు కుదిరాయి. సుబ్రమణ్యం ఆనందం పట్టలేక మునిశేఖర్‌ను కౌగిలించుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కానీ అలవాటు కదా, తన పరీక్ష చేశాడు. తన గంట, భార్య గంట కొట్టాడు.

ప్రింటర్ కక్కిన కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉంది: ‘రజ్జు దోషము. ఈ వివాహము చేయరాదు.’

సరిగ్గా అప్పుడే ఆదిలక్ష్మమ్మ కాఫీ లోటాలతో వచ్చింది. కాగితం చదివింది. లోటాలు కింద పెట్టింది.

“ఈ సంగతి నాకు ముప్పై ఏండ్లుగా తెలుసు. దీనికి కరెంటు దండగ.”

“మిషన్ చెడిపోయింది,” అన్నాడు సుబ్రమణ్యం. “పాతది పెట్టప్పా.”

“పాతది పెడితే నేను మూల అయిపోతాను సార్.”

“రెండూ పెట్టు.”

“రెండిటికీ పడదు సార్. ఒకటొస్తే ఇంకోటి పోతాది.”

“ఇంకో మిషన్ కొంటే?”

“ఒక మిషన్లో నీకు అల్లుడుంటాడు, ఇంకో మిషన్లో పెండ్లాముంటాది,” అంది ఆదిలక్ష్మమ్మ. “నువ్వు యాడ కూర్చుంటావయ్యా?”

సుబ్రమణ్యం చెమటలు తుడుచుకున్నాడు. పాతదే పెట్టమన్నాడు. మునిశేఖర్ తన చేతులతోనే తనను మళ్లీ మూలా నక్షత్రంలోకి నెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. ప్రసన్న గది తలుపు వేసుకుంది.

ఆ రాత్రి సుబ్రమణ్యం కంచం ముందు కూర్చున్నాడు. కంచంలో ఏమీ పడలేదు.

“పొంతన లేని మొగోడికి నేనెందుకు వండాల?” అంది ఆదిలక్ష్మమ్మ. “పక్కింటాయనకు వండతా ఉండానా?”

ఆయన పరుగెత్తి ఎనిమిది పొంతనాల కాగితం తెచ్చి చూపించాడు.

“పొద్దున కాదని, సాయంత్రం అవునంటాది. అట్లాంటిదాన్ని నమ్మి నేను పొయ్యి ముట్టించను.”

సుబ్రమణ్యం ఆ వారమంతా స్టేషన్ ఎదుట హోటల్లో ఇడ్లీలు తిన్నాడు. ఊళ్లో జాతకాలు కుదర్చమని వచ్చినవాళ్లకు తన కాపురమే కుదరలేదని చెప్పలేక అంగడి సగం షట్టర్ దించి కూర్చున్నాడు. లోపలి గదిలో కూతురు కూడా తినడం లేదని తెలిశాక ఆ ఇడ్లీ కూడా గొంతు దిగలేదు.

గురువారం మధ్యాహ్నం భార్య ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నన్నేం చెయ్యమంటావు లక్ష్మీ?”

“కొత్తదే పెట్టించు. పిల్ల పెండ్లి అయితాది.”

“మరి మనది?”

“అదే పందిట్లో మళ్లీ తాళి కట్టు. అరవై నిండితే ఎటూ కట్టాల గదా. రెండేండ్లు ముందు కడితే మెడ అరిగిపోదు.”

“రజ్జు దోషమంటే మొగుడి ప్రాణానికే గదా.”

“ముప్పై ఏండ్లు కనిపెట్టుకుని ఉండాను, రాలేదు. ఇంక అదేం వస్తాది,” అంది ఆదిలక్ష్మమ్మ. అని, లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించింది.

మునిశేఖర్‌కు కబురు పోయింది. సైకిల్‌ను బస్సులా తోలుకుంటూ వచ్చాడు. కంప్యూటర్ ముందు ప్రసన్న కూర్చుని ఉంది, వారం నాటి కనకాంబరాలు తీసి కొత్తవి పెట్టుకుంది. గోడ గడియారం ఒకటీ ఇరవై అయిదు చూపిస్తోంది.

“తొందరగా కానియ్యండి,” అన్నాడు సుబ్రమణ్యం.

మునిశేఖర్ కమాండ్ కొట్టాడు. తెర మీద వరుసలు వచ్చాయి. పాత పంచాంగం తీసేస్తానంది. కొత్తది పెడతానంది. కొనసాగించమంటారా, అవునంటే వై, కాదంటే ఎన్ నొక్కమని అడిగి ఆగింది.

“నొక్కు,” అన్నాడు ప్రసన్నతో.

ప్రసన్న నొక్కలేదు. మొదటి వరుస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. చదవకుండా వై నొక్కే పిల్ల, ఆ రోజు ప్రతి అక్షరమూ కూడబలుక్కుని చదివింది.

“ఏం చేస్తా ఉండావు?” అన్నాడు మునిశేఖర్ గడియారం చూస్తూ.

“నువ్వే కదా చెప్పింది, చదవాలని. ఈసారి ఒప్పుకుంటే మళ్లీ తీసెయ్యడానికి ఉండదు. సూసుకోవాల గదా ఏమేం వస్తా ఉండాయో. సత్యవేడు వస్తాది. సైకిల్ వస్తాది. పనిచేసేదాన్ని కదిలించనియ్యని మొగుడొస్తాడు.”

“ఒప్పుకోవా?”

“చదవనియ్యప్పా.”

గడియారం ఒకటిన్నర కొట్టింది. ప్రసన్న వేలు వై మీద నిలిచిపోయింది. అందరూ సుబ్రమణ్యం వైపు చూశారు. రాహుకాలంలో ఆ ఇంట్లో పాలు కూడా కాచరు.

ఆయన గడియారాన్ని చూశాడు. కూతురి ముఖం చూశాడు. లోపలనుంచి వారం తరువాత పోపు వాసన వస్తోంది. కుర్చీ ఎక్కి గడియారాన్ని గోడ వైపు తిప్పేశాడు.

“అది ఫాస్ట్‌గా పోతా ఉండాది,” అన్నాడు. “నొక్కమ్మా.”