ఫోటోలో చెయ్యి

"ఆ చెయ్యి ఎవరిదండీ?" అని అడిగింది బసకు దిగిన మిసెస్ పెటిఫర్, టోస్టుకు వెన్న రాసుకుంటూ.

ఆవిడ చూపించింది గోడమీది ఫోటోని. అందులో కుర్చీలో కూర్చున్న ముసలాయన, ఆయన కాళ్ల దగ్గర కుక్క. ఆయన భుజం మీద ఒక ఆడచెయ్యి ఉంది గానీ, ఆ చేతికి మనిషి లేదు.

"నర్సుదనుకుంటానండీ. మా మామగారు చివర్లో మంచాన పడ్డారు కదా" అంది సీలియా తడుముకోకుండా.

గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడ్డ డైనాకు ఒళ్లు మండిపోయింది. నర్సట! పక్షవాతంతో మాట పడిపోయిన తండ్రికి పదకొండేళ్లపాటు జావ తాగించి, ఒళ్లు తుడిచి, మంచు పడే పొద్దుల్లో గడ్డిమోపు వీపుకెత్తుకుని మిట్ట మీద గొర్రెలకు మేత వేసి వచ్చి, వచ్చిన ఒక్క సంబంధాన్నీ "నాన్నను ఎవరు చూస్తారు" అని వదులుకుని... ఆ చెయ్యి నర్సుదట! తమ్ముడు రాల్ఫ్ లీడ్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ క్రిస్మస్‌కు ఒక పూట వచ్చి పోయేవాడు. తండ్రి పోయాక ఏడాది తిరక్కుండానే ఇంటిని సెలవులకు వచ్చేవాళ్ల బస చేసి, అక్కను విట్బీలో ఒంటిగదిలోకి సాగనంపాడు. రెండేళ్ల తర్వాత ఈ ఆగస్టులో "మిట్టంతా పూసింది, వారం రోజులు హాయిగా ఉండి పో అక్కా" అని కార్డు రాస్తే, పిచ్చిది, కొత్త బూట్లు కొనుక్కుని మరీ వచ్చింది. వచ్చిన మర్నాడే మరదలు సీలియా ఏప్రన్ చేతికిచ్చింది.

"మీ చేతి స్కోన్ రొట్టెలంటే అతిథులు పడి చస్తారు వదినా. ఊరికే కూర్చుంటే మీకూ తోచదుగా" అంది నవ్వుతూ.

డైనా ట్రే బల్లమీద పెట్టి, సీలియాను వంటింట్లోకి పిలిచి నిలదీసింది.

"ఫోటోలోంచి నన్నెందుకు తీసేశారు?"

"ఎవరూ తీసెయ్యలేదు వదినా, ఫ్రేము చిన్నదైపోయింది. అయినా వచ్చినవాళ్లకు గొర్రెలకాపరి కథ కావాలి గానీ, మన ఇంటి సంగతులు ఎందుకు చెప్పండి?"

ఆ కథ ఫోటో కిందే అచ్చయి ఉంది. తండ్రి నోట నేర్చిన పిలుపుతో మందను కాపాడుతున్న చివరి కాపరి రాల్ఫ్ థాక్రే అట! డైనా అది మూడుసార్లు చదివింది. అన్నం పెట్టిన చేతిని నర్సుదని చెప్పి, ఉన్న పేరు కూడా లాక్కున్నారు కదా అని కళ్లనీళ్లు తిరిగాయి.

ఫలహారం అయ్యాక రాల్ఫ్ అతిథులను మిట్ట మీదికి తీసుకెళ్లాడు. టీ ఫ్లాస్కులూ స్కోన్ల బుట్టా ఎవరు మోశారో చెప్పనక్కర్లేదు. దారి పొడుగునా ఊదారంగు పూలపొదలు, ఆ చివర కొండచరియ, దాని కింద సముద్రం. ఆ మిట్ట మీద కంచెలుండవు. తల్లి మేసిన చోటే పిల్లా మేస్తుంది, ఏ మందా తన నేల దాటిపోదు. థాక్రేల మంద చరియ అంచున మేస్తోంది. ఈ రెండేళ్లుగా పొరుగు రైతు మోటారు బండి మీద వచ్చి వాటిని చూసి పోతున్నాడు.

రాల్ఫ్ కొత్త చేతికర్ర ఎత్తి, "హో...య్ హప్! హో...య్ హప్!" అని గొంతెత్తి పిలిచాడు.

ఒక్క గొర్రె తలెత్తలేదు. మళ్లీ పిలిచాడు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇవాళ గాలి ఎదురు కొడుతోంది" అన్నాడు, మొహం ఎర్రబడి.

డైనా బుట్ట కింద పెట్టింది.

"గాలి కాదు రాల్ఫ్. అది నాన్న పిలుపు, నువ్వు చిన్నప్పుడు విన్నావు. ఇవి వినలేదు. వీటిలో అన్నిటికంటే పెద్దది పుట్టేనాటికే నాన్నకు మాట పడిపోయింది. నీకు ఆ సంగతి కూడా తెలీదు."

తర్వాత తగ్గుగొంతుతో, సాగదీసి, తన పిలుపు తను పిలిచింది. "కో...డే, కో...డే..."

కొమ్ము విరిగిన ముసలి గొర్రె ఒకటి చటుక్కున తలెత్తింది. అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. దాని వెనక మిగతావీ, వాటి వెనక ఎన్నడూ ఆ గొంతు వినని గొర్రెపిల్లలూ వచ్చి డైనాను చుట్టుముట్టి ఏప్రన్ వాసన చూశాయి. ఆమె ఆ విరిగిన కొమ్ము పట్టుకుని ఏడ్చేసింది. ఇంట్లోవాళ్లు మరిచిపోయిన మనిషిని ఈ నోరులేనివి మరిచిపోలేదు!

మిసెస్ పెటిఫర్ ఊరుకునే రకం కాదు.

"ఇప్పుడు చెప్పండి రాల్ఫ్‌గారూ, ఆ చెయ్యి ఎవరిది?"

రాల్ఫ్ చేతికర్ర కింద పెట్టాడు.

"మా అక్కదండీ. నాన్ననూ మందనూ చూసింది తనే. నేను కాదు."

ఇంటికి రాగానే ఫ్రేము విప్పాడు. ఫోటోను కత్తిరించలేదు, వెనక్కి మడిచారంతే. మడత విప్పితే తండ్రి పక్కన డైనా ఉంది, గడ్డిపరకలు అంటుకున్న కోటుతో. సీలియా ఖాళీ ఫ్రేము తుడవసాగింది.

"అక్కా... నన్ను క్షమించు" అన్నాడు రాల్ఫ్, కళ్లు తుడుచుకుంటూ.

తమ్ముడి కన్నీళ్లు చూస్తే డైనా మనసు కరిగింది. కోపం మాత్రం అంతా పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు.

"ఆ మడత ఇక పోదు. అలాగే తగిలించు, వచ్చినవాళ్లు చూడనీ" అంది. ఏప్రన్ విప్పి వాడి చేతిలో పెట్టి, కిటికీ పక్కన అతిథులు కూర్చునే కుర్చీలో కూర్చుంది. "ముందు నాకు టీ పెట్టు. సెలవుకొచ్చాను నేను."

రాల్ఫ్ వంటింట్లోకి వెళ్లాడు. కెటిల్ ఎక్కడ ఉంటుందో సీలియాను అడగాల్సి వచ్చింది.