ఆరు వందల వాట్ల తాతబాబు

పేరు తాతబాబు అయినంత మాత్రాన మనిషి ముసలాడు కాదు. వయసు ఇరవై ఏడు, సొంతూరు పద్మనాభం, పోయిన తాత పేరు మోస్తున్నాడు, అంతే. ఆ పొద్దున డాబాగార్డెన్స్‌లో కెమెరా లైట్లు అద్దెకిచ్చే కొట్టులో అడుగుపెట్టేటప్పటికి, తనంతటి ఫోటోగ్రాఫర్ విశాఖలో ఇంకొకడు లేడని అతని గట్టి నమ్మకం.

"బ్యాటరీ ఫ్లాష్‌ల్లో అన్నిటికన్నా పెద్దది ఇవ్వండి. ఆరు వందల వాట్లది."

కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తలేదు. "దేనికండీ?"

"పోర్ట్రైట్‌కి. స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ ఫోర్‌మన్ గారు రేపు రిటైరైపోతన్నారు. ఈవేళ సాయంత్రం అప్పికొండ బీచ్‌లో ఫోటో తియ్యమన్నారు."

అప్పుడెత్తింది తల. ఆ చూపుకి తాతబాబు లోపల ఎక్కడో ఫ్యూజు కొట్టేసింది.

"ఒక్క మనిషికి ఆరు వందలేటండీ, పెళ్లి పందిరా? బీచ్ గాలికి దాని ముందు ఆ పెద్ద గుడ్డ డబ్బా, సాఫ్ట్‌బాక్స్, తగిలించారంటే తెరచాపే. ఈ రెండు వందలది తీసుకోండి. ఒక్క చేత్తో పట్టుకుని పక్కనుంచి కొట్టొచ్చు."

"సూడండి మేడమ్, లైటు అద్దెకిచ్చేది మీరు. ఫోటో తీసేది నాను."

"పోనీ, ఆయన ఏం వేసుకుంటారో అడిగారా?"

"సూటు వేసుకోమని సెప్పాను."

ఆమె కిసుక్కున నవ్వి రిజిస్టర్ తెరిచింది. "తాతబాబు గారు... మనవలెంతమందండీ?"

"ముందు పెళ్లవనీండి," అన్నాడు, అనవసరమైన ఆశతో.

సాయంత్రం ఐదున్నరకి సూర్యుడు కొండల వెనక్కి జారుకున్నాడు. సముద్రం మీద పలచటి గులాబీ రంగు మిగిలింది. అది ఇంకో పావుగంట నిలిస్తే గొప్ప.

ఫోర్‌మన్ సన్యాసిరాజు గారు స్కూటీ వెనక సీటు మీంచి దిగారు. సూటు లేదు. నెత్తిన హెల్మెట్, ఒంటి మీద తళతళలాడే వెండిరంగు పట్టీలు కుట్టిన సేఫ్టీ జాకెట్.

"సూటేదండీ?"

"సూటు నా పెళ్లికేసుకున్నాను బాబూ, మా ఆవిడే గుర్తుపట్టనేదు. ఈ జాకెట్టయితే ఉక్కునగరంలో కుక్కలు కూడా గుర్తుపడతాయి. రేపు గేటు కాడ అప్పజెప్పీయాల. ముప్పై నాలుగేళ్లు ఇందులోనే ఉన్నాను, ఇందులోనే తియ్యి." స్కూటీ నడిపిన అమ్మాయిని చూపించారు. "మా పిల్ల, చంద్రిక."

కొట్టులో అమ్మాయే! తాతబాబుకి ఇసుకలో గొయ్యి తవ్వుకుని దూరిపోవాలనిపించింది.

"పొద్దున్నే సెప్పొచ్చు కదండీ!"

"లైటు సంగతే వినలేదు. నాన్న సంగతి వింటారేటి?"

సాఫ్ట్‌బాక్స్ తగిలించీ తగిలించగానే గాలికి స్టాండు పల్టీ కొట్టబోయింది. తాతబాబు ఆ గుడ్డ డబ్బాని పీకేసి, స్టాండుని మోకాళ్ల మధ్య ఇరికించి, కెమెరా పక్కనే లైటు పెట్టి కొట్టాడు. కెమెరా తెర మీద జాకెట్ పట్టీలు ట్యూబులైట్లలా భగ్గుమన్నాయి. ఆ వెలుగుకి కెమెరా బెదిరిపోయి మిగతాదంతా చీకటి చేసేసింది. పవర్ తగ్గించాడు. మళ్లీ అంతే. ఆకాశంలో గులాబీ బూడిదవుతోంది.

సన్యాసిరాజు గారు తొంగి చూశారు. "ఇందులో నానేడీ?"

నవ్వుతూనే అన్నారు గానీ, చెయ్యి మాత్రం జాకెట్ మీద అలాగే ఉండిపోయింది. రేపటి నుంచి ఆ జాకెట్ ఉండదు, ఫోటో కూడా ఉండదేమో. తాతబాబుకి మనసు చివుక్కుమంది, సిగ్గేసింది.

తిన్నగా చంద్రిక దగ్గరికెళ్లాడు. "తప్పు నాదేనండీ. మీ మాట వినాల్సింది."

ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసింది. తర్వాత స్కూటీ డిక్కీ తెరిచింది. లోపల పొద్దున అతను వద్దన్న రెండు వందల వాట్ల లైటు, దానికి తెల్లబట్ట తొడుగు.

"మీరు వినరని పొద్దున్నే తెలుసు."

"మరి స్టాండు?"

"నేనే." తండ్రికి పక్కగా వెళ్లి లైటు ఎత్తి పట్టుకుంది. "ఆ పట్టీలు వెలుగుని వచ్చిన దారినే తిప్పి కొడతాయి. ఇప్పుడు కొడితే నా మొహాన కొడతాయి, మీ కెమెరాకేం కాదు."

"కొంచెం పైకండీ... ఇంకొంచెం దగ్గరికి..."

"ఎవరి దగ్గరికి?"

"మీ నాన్నగారి దగ్గరికే తల్లీ!"

సన్యాసిరాజు గారు కూతురి వైపు తిరిగి పకపకా నవ్వారు. ఆ నవ్వు మీద పడింది ఫ్లాష్.

వేడికి కమిలిన బుగ్గలు, కళ్ల చివర ముడతలు, బుద్ధిగా మసకేసిన పట్టీలు, వెనకాల ఆకాశంలో ఆఖరి గులాబీ రంగు. ఆయన తెర వైపు చాలాసేపు చూశారు.

"ఇదిగో నాను," అన్నారు మెల్లగా.

ఫోటో అంచున లైటు పట్టుకున్న చెయ్యి ఒకటి పడింది. "అది కట్ చేసెయ్యండి," అంది చంద్రిక.

"సెయ్యను."

"ఏం?"

"మీరు నాకు నచ్చేసారండీ. ఆ చెయ్యి అక్కడే ఉండాల."

చంద్రిక చెవులు ఎర్రబడ్డాయి. "రేపు ఆ పెద్ద లైటు తిరిగివ్వడానికి కొట్టుకి రండి. పొద్దున్నే రండి. మీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."

సన్యాసిరాజు గారు హెల్మెట్ తీసి తాతబాబు నెత్తిన పెట్టారు.

"అప్పజెప్పే ముందు ఓసారి ఏసుకుని సూడు బాబూ. మా పిల్లతో మాటాడేవోడికి ఇలాంటిదొకటి ఉండాల."

తాతబాబు గెడ్డం కింద బెల్టు బిగించుకున్నాడు.