ఆమె దిద్దిన మాట

దువ్వాడ స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ షాపు మేడ మీద నడిచే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో, పాఠం చెప్పే సాయిదుర్గకీ నేర్చుకోవడానికొచ్చిన అప్పలసూరికీ పరిచయం తగువుతోనే మొదలైంది.

"హెల్మెట్ టై చెయ్యాలి. బెల్టు టై చెయ్యాలి. హుక్కు టై చెయ్యాలి. డేంజర్ బోర్డు టై చెయ్యాలి" అని అతను గడగడా అప్పజెప్పేసరికి క్లాసంతా గొల్లుమంది.

సాయిదుర్గ మార్కర్‌కి మూత పెట్టింది. "అన్నిటినీ టై చేసేస్తే ఎలాగండీ? మీ ఫ్యాక్టరీలో మనుషుల్ని కూడా కట్టేస్తారా?"

"మనకి కట్టడమొక్కటే సాల్తంది కదా మేడం! సీర కడతారు, ఇల్లు కడతారు, కరెంటు బిల్లు కడతారు. ఒక్క మాటతో బతికేస్తన్నాం. ఆ ఇంగ్లీషోళ్ళకి ఇన్ని మాటలెందుకంట?"

క్లాసు మళ్ళీ నవ్వింది. ఈసారి అతని పక్షాన. సాయిదుర్గకి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఆమెకీ నవ్వొచ్చింది.

అప్పలసూరిది చోడవరం దగ్గర పల్లె. వ్యవసాయం చేసుకునే ఇల్లు. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడే సేఫ్టీ సూపర్‌వైజర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. ఎత్తు మీద పని చేసేవాళ్ళు ఏది ఎలా బిగించుకోవాలో ఇంగ్లీషులో చెప్పగలగాలి. సాయిదుర్గ తండ్రి గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఉక్కునగరంలోనే.

క్లాసయ్యాక కూడా అతను వెళ్ళేవాడు కాదు. ఆమె ఓపిగ్గా చెప్పేది. తాడుకి టై. బెల్టుకి బకిల్. కొక్కేనికి హుక్. కాగితానికి పిన్, జిగురుకి స్టిక్. జారిపోకుండా భద్రంగా బిగిస్తే ఫాసెన్.

"ఈ ఫాసెన్‌లో టీ అక్షరం రాస్తాం కానీ పలకం" అంది ఒకరోజు.

"పలకనిదాన్ని రాయడమెందుకు మేడం?"

"కొన్నంతే. లోపల ఉంటాయి, పైకి అనరు."

అనేశాక ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట వేసవి వాన. అప్పలసూరి గొడుగు ఉండి కూడా లేవలేదు.

"వస్తువులకి ఇన్నున్నాయి సరే. మనిషి మీద మనిషికి ఇష్టం కలిగితే ఏటంటారు?"

"అటాచ్డ్ అంటారు" అంది సాయిదుర్గ, పుస్తకాలు అవసరం లేకపోయినా సర్దుతూ.

తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం ఆమె మేడ మీద బట్టలు తీస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మేడం, ఐ యామ్ స్టక్ టు యూ."

ఆమె బట్టలు అలాగే భుజాన వేసుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. రెండోసారి చదివింది. ఒళ్ళంతా నవ్వయింది. జవాబు రేపు ఎదురుగా చెప్పాలనుకుంది. ఈలోగా కాస్త ఏడిపిద్దామనిపించి ఇలా కొట్టింది: "స్టక్ కాదు, అటాచ్డ్. స్టక్ అంటే బంకలా అంటుకోవడం. మొన్నేగా చెప్పాను!" పక్కన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మ కూడా పెట్టింది.

అతను చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మర్నాడు అతను క్లాసుకి రాలేదు. ఆ వారమంతా రాలేదు. సాయిదుర్గ ఫోన్ చేద్దామని తీసి, 'టీచర్ని, నేనెందుకు చేస్తాను, అతనే చెయ్యాలి' అనుకుని పెట్టేసేది. అలా అనుకుంటూండగానే ఎండాకాలం దాటిపోయింది.

వానలు పడ్డాక అతని స్నేహితుడు ఉమామహేష్ క్లాసులో చేరడానికొచ్చాడు. సాయిదుర్గ మాటల మధ్యలో అడిగినట్టు అడిగింది.

"సూరి బావా? ఇంటర్వ్యూ పోయింది మేడం. ఏటడిగినా నోరిప్పనేదంట. తప్పొస్తే నవ్వుతారని బయమంట. పనంతా వొచ్చు. మాటే నేదు."

ఆ సాయంత్రం ఆమె, అతని కంపెనీ బస్సు ఆగే కూర్మన్నపాలెం జంక్షన్‌లో నిలబడింది. అచ్యుతాపురం కంపెనీ బస్సు దిగి అప్పలసూరి, తడిసిన సంచీతో, నేరుగా ఆమె ముందుకే వచ్చాడు.

"ఏటి మేడం, ఇలగొచ్చారు?"

"మీకోసమే. ఆ రోజు నేను నవ్వింది మిమ్మల్ని చూసి కాదండీ. సంతోషం పట్టలేక. జవాబు మర్నాడు ఎదురుగా చెబుదామనుకున్నాను."

"ఏ జవాబు?"

"నాకూ ఇష్టమేనని."

అతను సంచీ ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకున్నాడు. "అప్పుడు మాయమ్మ పక్కనే కూకుంది మేడం. ఎవల్రా అనడిగింది. మేడం తప్పు దిద్దారమ్మా అన్నాను."

సాయిదుర్గ తల ఎత్తలేకపోయింది.

"మా మావయ్య కూతురుంది, రాణి. నాను ఎవల్తోటీ మాటాడకుండా పడున్నప్పుడు రోజూ వొచ్చి పలకరించిందాపిల్లే. మాటిచ్చీసినాం. శ్రావణంలో సింహాచలం మీద పెళ్ళి."

మాట వెనక్కి తీసుకోమని అడగాలని ఆమెకి నోటి దాకా వచ్చింది. కానీ ఆ పిల్ల చేసిన పని తను చెయ్యవలసింది. ఆగిపోయింది.

"ఇంటర్వ్యూ మళ్ళీ ఉందా?"

"నెలాఖరికి. నానెల్లను."

"వెళ్ళాలి. నేనే ఆఫీసరుననుకోండి. ఇక్కడే చెప్పండి."

బస్‌స్టాప్ బల్ల మీద కూర్చున్నారు. మొదట అతని నోట మాట పెగల్లేదు. చోడవరం బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ అడిగింది. బకిల్ దగ్గర తడబడ్డాడు. ఆమె నెమ్మదిగా అందించింది. కాసేపటికి పక్కన పల్లీలమ్మే ఆమె కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పసాగాడు.

ఇంకో బస్సు వచ్చింది. ఈసారి ఎక్కాడు. కిటికీలోంచి, "ఒక్క ఫోను సెయ్యవలసింది మేడం" అన్నాడు.

"మీరొక్కసారి రావలసింది."

బస్సు కదిలింది.

నెలాఖరికి అతనికి పోస్టు వచ్చింది. శ్రావణంలో పెళ్ళయింది. సాయిదుర్గ కొండెక్కి అక్షింతలు వేసింది. రాణి, పసుపు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని, "బోజనం సేసి ఎల్లండి మేడం" అంది.

"క్లాసుందమ్మా" అంది సాయిదుర్గ.

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు క్లాసుండదని అప్పలసూరికి తెలుసు. అతను తలంబ్రాల బియ్యం దులుపుకున్నాడు. ఆమె మాటని దిద్దలేదు.