మూత లేని చిప్

"చిప్ వాళ్ళకి చిక్కకూడదు. నీ తమ్ముడి ప్రాణం పోయినా సరే!"

హెల్సింకీ ఆఫీసులో చీఫ్ కోర్పెలా ఆర్డర్ అది. ఏజెంట్ సిర్కా "యస్ సర్" అంది. ఆ మధ్యాహ్నమే, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున, తన చేత్తోనే చిప్‌ని శత్రువుకిచ్చేసింది. తోడబుట్టినవాడి పీకమీద కత్తి ఉంటే ఆర్డర్లు ఎవరికి గుర్తుంటాయి?

అందుకున్నది మిరెల్లా. నిన్నటిదాకా సిర్కాతో ఒకే కంచంలో తిన్న అందాల ఏజెంట్. ఇవాళ విదేశీ ముఠా మనిషి.

చిప్ బియ్యపు గింజలో సగం. లోపల వెంట్రుకకన్నా సన్నని స్ప్రింగుల మీద ఊగే పలక. ఒకప్పుడు బీరువా అంత యంత్రం చేసిన పని అదే చేస్తుంది, ఉపగ్రహం సాయం లేకుండా క్షిపణికి దారి చూపిస్తుంది. తమ్ముడు ఇల్పో పదేళ్ళ కష్టం. దానికి మూత బిగించేలోపే ముఠా వాణ్ణి ఎత్తుకుపోయింది.

మిరెల్లా టెస్టర్లో పెట్టింది. పచ్చలైటు. చిప్‌ని పట్టుసంచిలో వేసి మెడలో కట్టుకుంది.

"హెలికాప్టర్ వచ్చేదాకా ఆ ఆవిరిస్నానాల గదిలో, సౌనాలో కూర్చుందాం. తువ్వాలు చుట్టుకుంటే పిస్టల్ ఎక్కడ దాస్తావే?"

లోపల ఇల్పో, చేతులు కట్టేసి ఉన్నాయి.

"ఇచ్చేశావా అక్కా?"

"నిన్ను చావనివ్వమంటావా?"

వాడు పట్టుసంచి వైపు చూశాడు. "చలేస్తోందక్కా. కాలే రాళ్ళమీద నీళ్ళు పొయ్యి, ఆవిరి రానీ."

సిర్కాకి వాడి ఎత్తు అర్థమైంది. వాడే చెప్పేవాడు: మేడమీంచి విసిరినా దానికేం కాదు, బరువుంటేగా! మూత లేకుండా తేమ పట్టి ఆరిందా, స్ప్రింగులు అతుక్కుపోతాయి, అంతే సంగతులు.

"నిజంగా పొయ్యనా?"

"పొయ్యి." వాడి కళ్ళు నిండాయి.

రాళ్ళు బుస్సుమన్నాయి. "ఇంకా!" అన్నాడు ఇల్పో. సిర్కా మళ్ళీ పోసింది. సౌనాలో అడిగినవాడికి నీళ్ళు కాదనకూడదు, అది ఇక్కడి ఆచారం. మిరెల్లా కూడా ఈ దేశం పిల్లే, మర్యాదకి పళ్ళు బిగబట్టి కూర్చుంది.

హెలికాప్టర్ దిగింది. బయట మంచుగాలికి పట్టుసంచి ఇట్టే ఆరిపోయింది. మిరెల్లా కోటు తగిలించుకుని, దాని జేబులోంచి పిస్టల్ తీసి ఇల్పో తలకి గురిపెట్టింది. "సారీ సిర్కా. సాక్షులుండకూడదు."

"ముందు టెస్ట్ చెయ్యి!" హెలికాప్టర్లోంచి బాస్ అరిచాడు.

ఎర్రలైటు.

"నకిలీది తెచ్చి నన్నే ముంచుతావా? రెండు పడవల్లో కాళ్ళు పెట్టేదాన్ని నమ్మడం నా బుద్ధి తక్కువ!" దూరంగా సైరన్లు మోగాయి. బాస్ ఆమెని చిప్‌తో సహా లోపలికి ఈడ్చేసి ఎగిరిపోయాడు.

ఇల్పో అక్క భుజంమీద పడి భోరుమన్నాడు. బతికినందుకో, చిప్ చచ్చినందుకో వాడికే తెలియదు.

కోర్పెలా రొప్పుతూ వచ్చాడు. "చిప్ వాళ్ళకి చిక్కిందా?"

"చిక్కింది సర్. ఉంగరంలో రాయిగా పొదిగించుకోమనండి."