తప్పులేని గొంతు

ఉదయం గెథిన్ పడవ మునిగింది. మధ్యాహ్నానికి అతని దేహాన్ని ఒడ్డుకు తెచ్చారు. అతని భార్య హైమవతి రేవు నుంచి నేరుగా కొండమీది అత్తగారింటికి నడిచింది. వేల్స్ తీరంలోని ఆ చిన్న ఊళ్ళో కబురు తెలియనిది ఇక అత్తగారు ఎలునెద్ ఒక్కర్తికే. ఆమెకు అతనొక్కడే కొడుకు. చూపు పోయి చాలాకాలమైంది.

"అత్తయ్యా, నేను, హైమని. తలుపు తియ్యండి."

లోపల గొలుసు కదిలింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఎవరమ్మా నువ్వు? ఇంత చక్కటి వెల్ష్ మా కోడలికి రాదు."

హైమవతి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ చింతగింజంత పలుకుదిద్దరి వేలాడుతోంది. మాట నోరు దాటేలోపే తప్పును సవరించి, మనిషి సొంత గొంతుతోనే బయటికి పంపుతుందది. ఊళ్ళో అది లేనివాళ్ళు లేరు. హైమవతి ఇంతకాలం తప్పించుకుంది కాని, ఈ వారమే ఆమె పనిచేసే బడిలో టీచర్లందరికీ తప్పనిసరి చేశారు.

"బడివాళ్ళు పెట్టించారు, అత్తయ్యా. తీసేస్తున్నాను."

"అలా అనమని కూడా నేర్పే ఉంటారు. మొన్న చలికాలంలో నా కొడుకు గొంతుతో ఒక మరమనిషి వచ్చింది. 'అమ్మా, వృద్ధాశ్రమానికి పోదాం రా' అంది. చెయ్యి కూడా వాడి చెయ్యిలాగే వెచ్చగా ఉంది. బండి దాకా వెళ్ళాను."

హైమవతికి తెలుసు. ఆ రోజు గెథిన్ పరుగెత్తుకొచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు.

"కోడలివే అయితే నా గుర్రం రంగు చెప్పు."

వెల్ష్‌లో గ్లాస్ అంటే ఆకాశం రంగు. పాతకాలపువాళ్ళకు పచ్చిగడ్డి రంగూ, బూడిదవన్నె గుర్రం రంగూ కూడా అదే. ఆడగుర్రం గురించి అన్నప్పుడు ఆ మాట మెత్తబడి, మొదటి అక్షరం జారిపోతుంది: కాసెగ్ లాస్, బూడిదవన్నె ఆడగుర్రం. హైమవతి మాత్రం పెళ్ళయిన కొత్త నుంచీ, మగగుర్రానికి అన్నట్టు, కాసెగ్ గ్లాస్ అనే అనేది. "నా గుర్రానికి మళ్ళీ మీసాలు మొలిపించావే!" అని ఎలునెద్ వెక్కిరించేది.

హైమవతి పలుకుదిద్దరి తీసి జేబులో వేసుకుంది.

"కాసెగ్ గ్లాస్," అంది.

లోపల గొలుసు మీద వేళ్ళు తడుముతున్నట్టు వినిపించింది.

"తప్పు సరిగ్గానే చెప్పావు," అంది ఎలునెద్. "కాని మా హైమ ఆ మాట అన్నాక ఊరుకోదు. నాలుక కరుచుకుని, నేనేదో అనేలోపే కిసుక్కున నవ్వేస్తుంది. నువ్వు నవ్వలేదు."

ఒక్క నవ్వు నవ్వితే గొలుసు ఊడుతుంది. హైమవతి నోరు తెరిచింది. బయటికి వచ్చింది నవ్వు కాదు.

"ఏడుపు కూడా పెట్టారా మీలో!" ఎలునెద్ లోపల్నించి అరిచింది. "పో ఇక్కణ్ణించి. సాయంత్రం మా గెథిన్ పడవ కట్టేసి వస్తాడు. వాడొచ్చాకే ఈ తలుపు తీసేది."

గడియ పడింది.

హైమవతి మెట్టు మీద కూర్చుండిపోయింది. పక్కింటాయన వచ్చి, తలుపు పగలగొట్టనా అని మెల్లగా అడిగాడు. వద్దంది. తలుపు విరగగొట్టి చెప్పే మాట కాదది. బయట నుంచి అరిచి చెబితే ఆమె నమ్మదు.

సాయంత్రమైంది. గెథిన్ లేడన్న సంగతి అతని తల్లికి ఇంకా ఎవరూ చెప్పలేదు.